క్యారేజీ తీస్తే ఈల

డెబ్బైల్లో నాకు మొదటి ఉద్యోగం కొండల మీద వచ్చింది. సీలేరు వెళ్ళే ఘాట్ రోడ్డులో, చిన్న ఆనకట్ట కడుతున్న ఒక ప్రాజెక్టు కాలనీ అది. రేకుల క్వార్టర్లు, ఒక క్లబ్బు, ఒక బడి, ఒక కాఫీ హోటలు, వారానికోసారి సంత. నేను తెనాలి వైపు వాణ్ణి. రెండు దుప్పట్లు కప్పుకుని కూడా వణకొచ్చని అక్కడికి వెళ్ళాకే తెలిసింది.

వైర్‌లెస్ సెక్షన్ అంటే గుట్ట మీద ఒకే ఒక గది. సెక్షన్‌లో మేమిద్దరమే. నేను జూనియర్ ఇంజినీరుని. ఆవిడ ఆపరేటరు. పార్వతీపురం మనిషి, నాకంటే ఐదారేళ్ళు పెద్ద. భర్త కాలనీ బడిలో లెక్కల మాస్టారు. చేరిన రోజు నేను సెట్టు చూపించి, "ఇదేంటండీ, ఇంత పాతదా?" అన్నాను. ఆవిడ కుర్చీలోంచి లేవకుండానే నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏంటి కాదు బాబూ, ఏటి. ఏంటి అన్నావనుకో, సంతలో వంకాయలు కూడా రెట్టింపు సెప్తారు. నన్ను అండీ గిండీ అనకు. అక్కా అను, సాలు."

ఆ పూటే అక్కా అన్నాను. వంకాయల సంగతి కూడా నిజమేనని తర్వాత తేలింది.

మా పని చెప్పడానికి తేలిక. కొండల పైన, మా ఏరు పుట్టే చోటికి దగ్గరలో ఒక చిన్న మట్టి డ్యాం ఉండేది. దాన్ని పై డ్యాం అనేవాళ్ళం. అక్కడ నీళ్ళ మట్టం చూడటానికి ఒక గేజీ స్తంభం, దాన్ని చూసి చెప్పడానికి ఒక మనిషి. అక్కడి కొండవాళ్ళలో వాడే. ముందు కాఫీ మొక్కలు నాటే పనికి వెళ్ళి, తర్వాత ఈ ఉద్యోగంలో స్థిరపడినాయన. రోజూ మధ్యాహ్నం సెట్టు ముందు కూర్చుని మట్టం ఎంతుందో చెప్పేవాడు. అక్క ఆయన్ని సిన్నాన్నా అని పిలిచేది. ఆయన ముఖం మేమెప్పుడూ చూడలేదు. ఆ డ్యాంకి మాకూ మధ్య ఒక కొండ అడ్డంగా ఉండటంతో గొంతు కూడా సరిగ్గా వినపడేది కాదు. జోరువానలో రేకు కింద కూర్చుని పక్కింటివాళ్ళ మాటలు వినడానికి ప్రయత్నిస్తే ఎలా ఉంటుందో, ఆయన మాట అలా వచ్చేది. అక్క సగం విని, సగం ఊహించి రాసుకునేది.

ఒక జూన్ మధ్యాహ్నం ఈఈగారు మా గదిలో ఉండగా పై డ్యాం పలికింది. ఈఈగారంటే ప్రాజెక్టు మొత్తానికి పెద్ద. సిమెంటు, కంకర మనిషి. మంచివాడే, కానీ ఏదీ చాలదు ఆయనకి. గోడ కడితే ఇంకొంచెం ఎత్తు, కాఫీలో ఇంకొంచెం పంచదార, గుమాస్తా రాసిన లెటర్‌లో ఇంకొంచెం వినయం. ఆయన ఇయర్‌ఫోన్ లాక్కుని చెవికి పెట్టుకున్నాడు. పైనుంచి సిన్నాన్న "ఆరు" అన్నాడు. ఈఈగారికి "నూరు" అని వినిపించింది.

గేజీ స్తంభమే నలభై అడుగులు. నూరు అడుగుల నీళ్ళంటే ఆ కొండ కూడా మునగాలి. ఆ మాట చెప్పడానికి నేను నోరు తెరిచేలోపే ఈఈగారు గుమ్మం దాటి సైరన్ కొట్టించేశాడు. కాలనీ కాలనీ అంతా గుట్ట ఎక్కేసింది. కాఫీ హోటలు యజమాని పాల గిన్నెతో, బడిపిల్లలు పలకలతో, ఈఈగారి భార్య పొయ్యి మీది బాణలితో. పకోడీలు అందులోనే ఉన్నాయి. ఎండ ఫెళ్ళున కాస్తోంది. కింద ఏరు మోకాలి లోతున పారుతూ ఉంది. అందరూ దాన్ని చూశారు, తర్వాత ఈఈగారిని చూశారు.

"వినబడకపోతే ఎట్లా పని చేసేది?" అని ఆయన నా మీద విరుచుకుపడ్డాడు. "నువ్వు ఇంజినీరువి కదయ్యా, గెయిన్ పెంచు!"

గెయిన్ అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతామన్నది. ఆ మాట ఆయనకి అంతకుముందు ఎక్కడ తగిలిందో తెలియదు. అప్పటినుంచి మాత్రం దాన్ని వదల్లేదు.

నాకూ సరదాగానే ఉంది. కాలేజీలో చదివింది చేతిలో పెట్టి చూసే అవకాశం అది. ఏరియల్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ని సెట్టుకి ఇచ్చే ముందే పెద్దది చేసే చిన్న పెట్టె ఒకటి కట్టడం మొదలుపెట్టాను. బూస్టరు అన్నాం దాన్ని. బిస్కెట్ డబ్బా రేకు కత్తిరించి దాని మీద ఒక ట్రాన్సిస్టరు, రాగితీగ చుట్టిన రెండు కాయిల్స్ బిగించాను. పని చేసింది. సిన్నాన్న గొంతు వానలోంచి కాస్త బయటికి వచ్చి వసారాలో నిలబడినట్టు వినిపించింది. సెట్టు మీద సిగ్నల్ బలం చూపించే ముల్లు ఒకటి ఉండేది. అది సగం దాకా లేచింది.

ఈఈగారు ముల్లు చూసి, "సగమేనా? ఇంకొంచెం పెంచు" అన్నాడు.

రెండో ట్రాన్సిస్టరు పెట్టాను. మొదటిది పెద్దది చేసినదాన్ని రెండోది ఇంకా పెద్దది చేస్తుంది. కాగితం మీద దివ్యంగా ఉంది. స్విచ్చి వేశాను. ముల్లు ఒక్క గెంతుతో చివరిదాకా వెళ్ళి అక్కడే అతుక్కుపోయింది. ఇయర్‌ఫోన్‌లో మాట లేదు, వాన లేదు, ఏమీ లేదు. సన్నని ఈల.

ఈఈగారి ముఖం వెలిగిపోయింది. "చూశావా! ఫుల్లు! ఫుల్లు స్కేలు!" అని నా వీపు మీద చరిచాడు. "శభాష్. ఇంత బలంగా ఎప్పుడూ రాలేదు."

"సార్, పై డ్యాంలో ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు."

"మాట్లాడకుండానే ఇంత వస్తే, మాట్లాడితే ఎంత వస్తుందో!"

ఆ మాటకి అక్క రిజిస్టర్‌లో తల దూర్చేసింది. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

జరిగింది ఏమిటంటే, పెళ్ళిపందిట్లో మైకుని తెచ్చి హారన్ ఎదురుగా పెడితే కుయ్యిమంటుంది కదా, అదే. హారన్‌లోంచి వచ్చిన చప్పుడు మళ్ళీ మైకులోకి దూరుతుంది, మైకు దాన్ని మళ్ళీ పెంచుతుంది, అలా తిరిగి తిరిగి పందిరంతా చెవులు మూసుకోవాల్సి వస్తుంది. నా బూస్టరులోనూ అంతే. రెండో కాయిల్ నుంచి కొంచెం సిగ్నల్ గాల్లోంచి పాకి మొదటి కాయిల్‌లోకి వెళ్ళిపోతోంది. గెయిన్ తక్కువగా ఉన్నప్పుడు ఆ దొంగ సిగ్నల్ దారిలోనే చచ్చిపోయేది. ఇప్పుడు బతికి, పెరిగి, మళ్ళీ మొదటికి వచ్చి ఇంకా పెరుగుతోంది. పైనుంచి వచ్చే మాటతో దానికి పనే లేదు. తన పాట తనే పాడుకుంటోంది. గెయిన్ పెంచేకొద్దీ నిలకడ పోతుంది, నిలకడ కావాలంటే కొంత గెయిన్ వదులుకోవాలి. పుస్తకంలో ఉన్నదే. ఈఈగారికి అదే చెప్పాను.

"సిమెంటు పాళ్ళు పెంచితే గోడ గట్టిపడుతుంది కానీ కూలిపోతుందటయ్యా ఎక్కడైనా?" అన్నాడు ఆయన. "ముల్లు తగ్గడానికి వీల్లేదు. నువ్వేం చేస్తావో చెయ్యి, ఆ ఈల మాత్రం ఆపు."

రెండు రోజులు కుస్తీ పట్టాను. ఇయర్‌ఫోన్ తీసేసి స్పీకరు తగిలించి, కాయిల్స్ అటు తిప్పి ఇటు తిప్పి చూశాను. మధ్యలో రేకు ముక్క నిలబెట్టాను. ఈల స్వరం మార్చుకుంది కానీ ఆగలేదు. మూడోనాడు మధ్యాహ్నం ఈఈగారు మళ్ళీ వచ్చి నా వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే ఇంటినుంచి అక్క క్యారేజీ వచ్చింది. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. బల్ల మీద నా తీగలు, కత్తెర్లు, సోల్డరింగ్ సామాను పరచుకుని ఉన్నాయి. ఎక్కడా చోటు లేక ఆవిడ దాన్ని అరమీద బూస్టరు పక్కన పెట్టింది.

ఈల ఠక్కున ఆగింది.

మరుక్షణం గది మధ్యలో ఎవరో నిలబడి మాట్లాడుతున్నట్టు, ఉచ్ఛ్వాస నిశ్వాసాలతో సహా, సిన్నాన్న గొంతు స్పీకర్లోంచి ఊడిపడింది. పాపం, ఆయన ఇన్నేళ్ళుగా తన మాట ఎవరికీ సరిగ్గా వినపడదనే ధైర్యంతో ఉన్నాడు. సెట్టు బటన్ నొక్కి పెట్టుకుని పక్కన ఎవరితోనో కబుర్లాడుతున్నాడు.

"ఆ ఇంకొంచెం బాబు ఉన్నాడు సూడు, ఆ బట్టతలాయన. మొన్న ఎండలో వరద తెప్పించీసినాడట! ఊరంతా గుట్టెక్కీసినారట! ఆయన పెళ్ళాం పకోడీలతో సహా ఎక్కిందట! నానిక్కడ ఆరంటే అక్కడ నూరంట. రేపు నాను తుమ్మితే ఏటి సేత్తాడో!"

నేను ఈఈగారి వైపు చూడకుండా ఉండటానికి కిటికీలోంచి కొండని చూశాను. అక్క పెన్సిల్ చెక్కడం మొదలుపెట్టింది, అప్పటికే మొన తేలి ఉన్న పెన్సిల్‌ని.

ఈఈగారు నెమ్మదిగా చేత్తో తల నిమురుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"క్లారిటీ బాగుంది" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

తలుపు మూసుకున్నాక మేం నవ్విన నవ్వుకి గుట్ట కింద టైపిస్టు తలెత్తి చూసిందట.

నవ్వు అయ్యాక అక్క అన్నానికి క్యారేజీ తీసింది. ఈల. అదే చోట పెట్టింది. మాట. తీసింది. ఈల. ఆవిడ నా వైపు చూసింది.

"ఏటిది తమ్ముడూ? నా పప్పన్నానికి దీనికి ఏటి సుట్టరికం?"

అన్నానికి ఏమీ లేదని చెప్పాను. ఆ స్టీలు గోడ సరిగ్గా కాయిల్స్ పక్కన నిలబడి, గాల్లో పాకే దొంగ సిగ్నల్‌ని తన ఒంట్లోకి లాగేసుకుంటోంది. నా రేకు ముక్క చేయలేని పని ఆ గుండ్రని ఒళ్ళు, ఆ ఎత్తు, ఆ దూరం కలిసి చేస్తున్నాయి. అది కేవలం అదృష్టం. రెండు వేళ్ళు జరిగితే పోతుంది.

మరునాడు ఈఈగారు అది విని, "అయితే దాన్ని అక్కడే ఉంచండి. ఎవరూ కదపడానికి వీల్లేదు" అని ఉత్తర్వు వేశాడు.

"మరి నానేటి తినాల సార్?" అంది అక్క. పై డ్యాం తర్వాత కిందివైపు స్టేషన్లు కూడా ఒక్కొక్కటే పలికేవి. మూడు గంటలదాకా సెట్టు ఆపడానికి లేదు. అప్పటిదాకా క్యారేజీ ముట్టుకోకపోతే మనిషి మాడిపోవాలి.

ఈఈగారు ఆలోచించి, తమ ఇంట్లో అచ్చం అలాంటి క్యారేజీయే ఒకటి ఖాళీగా పడి ఉందనీ, దాన్ని పంపిస్తాననీ అన్నాడు. న్యాయమైన మాటే. కథ అక్కడితో అయిపోవాల్సింది.

సాయంత్రమే ఖాళీ క్యారేజీ వచ్చింది. వెనకాలే ఈఈగారూ వచ్చాడు. అక్క దాన్ని రెండు చేతులా భక్తిగా పట్టుకుని అరమీద పెట్టింది. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చూశాను. మామూలు చోటుకి రెండు వేళ్ళు ఎడంగా పెట్టింది. ఈల కుయ్యిమంది.

"ఖాళీది పనిసెయ్యదు సార్" అంది అక్క, ముఖంలో ఒక్క గీత కదలకుండా. "లోపల ఏదో ఒకటి ఉండాల."

ఈఈగారు నా వైపు తిరిగాడు. "ఏమయ్యా? అన్నానికీ గెయిన్‌కీ సంబంధం ఏమిటి?"

మూసిన స్టీలు గిన్నెలో అన్నం ఉన్నా ఇసుక ఉన్నా బయట కాయిల్‌కి తెలియదు. ఫస్టియరు కుర్రాడు కూడా చెప్తాడు. నేను చెప్పడానికే నోరు తెరిచాను. బల్ల కింద అక్క చెప్పు నా కాలి బొటనవేలి మీద దిగింది.

"డైఎలక్ట్రిక్, సార్" అన్నాను. అది ప్రశ్నకి జవాబు కాదు, ఒక మాట మాత్రమే. కానీ మాట పెద్దది. ఈఈగారు రెండుసార్లు పెదవుల్లో అనుకుని, తృప్తిగా తలాడించాడు.

అలా ఈఈగారి ఇంటినుంచి ప్రతిరోజూ నిండు క్యారేజీ రావడం మొదలైంది. మూడు దాటాక సెట్టు కట్టేసి, నేనూ అక్కా దాన్ని విప్పేవాళ్ళం. అక్క తన క్యారేజీ పన్నెండున్నరకే తినేసేది, కానీ ఆవిడ ఆకలికి హద్దులు లేవు. నేను మెస్‌లో తినడం మానేశాను. ఈఈగారి భార్య రాజమండ్రి వైపు మనిషి. ఆ చేతి పులిహోర గురించి ఇప్పుడు రాస్తున్నా నోరూరుతోంది. ఇంగువ, పచ్చిమిరపకాయ చీలిక, వేగిన వేరుశెనగ. ఆ చలిలో, ఆ కొండ మీద.

అక్క అంతటితో ఊరుకుంటేనా. ఒకరోజు సాంబారన్నం వచ్చింది. ఆవిడకి సాంబారు పడదు. క్యారేజీని వెంట్రుకవాసి ఎడంగా పెట్టింది. ఈల పూర్తిగా రాలేదు, మాట వెనక సన్నగా ఏడుస్తూ ఉంది.

"సాంబారు మీద అంత బాగుండటం నేదు సార్" అని రిపోర్టు చేసింది. "మొన్న పులిహోర ఉన్న రోజు మాట ఎంత బాగా తేలిందో!"

ఆ వారమంతా పులిహోరే. తర్వాతి వారం దద్దోజనం మీద ప్రయోగం జరిగింది. గారెల మీద ఫలితం అద్భుతమని అక్క చెప్పింది. ఈఈగారు స్వయంగా వచ్చి ముల్లు చూసి, "గారెల్లో తేమ తక్కువ కదూ, అందుకు" అన్నాడు నాతో. నేను డైఎలక్ట్రిక్ అని గొణిగాను.

అక్క ఈ సంగతంతా గాలిలో సిన్నాన్నకి కూడా చెప్పేసింది. ఆయన పరమానందపడిపోయాడు. అప్పటినుంచి మట్టం చెప్పేముందు, "తల్లీ, ఈయాల ఏటి పెట్టినారు? నీ మాట కొండతేనెలా ఉంది, బొబ్బట్లేటి?" అని అడిగేవాడు. ఈఈగారు గదిలో ఉంటే గర్వంగా, "చూశావా, అక్కడ కూడా తేడా తెలుస్తోంది" అనేవాడు. మా గదిలో మాట్లాడే పెట్టె వేరు, వినే పెట్టె వేరు. బూస్టరు వినే పెట్టె దారిలోనే ఉంది. మా మాట పైన ఎలా వినిపిస్తుందన్నదానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. మేమిక్కడ చెవిలో దూది పెట్టుకుంటే ఆయనకక్కడ మా గొంతు తగ్గదు కదా. ఈ సంగతి ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. నేను పులిహోర తింటున్నాను.

నిజానికి అప్పటికే నాకు అసలు మందు దొరికింది. రెండో కాయిల్‌కి అడ్డంగా లోడుగా, అంటే భారంగా, ఒక చిన్న రెసిస్టరు వేస్తే కొంత గెయిన్ అందులో వేడిగా మారి పోతుంది. మిగిలినది నిలకడగా ఉంటుంది. క్యారేజీ అక్కర్లేదు. ఒకరోజు మనస్సాక్షి కొంచెం గిలిగింత పెట్టి ఈఈగారితో అన్నాను కూడా.

"ముల్లు తగ్గుతుందా?"

"కొంచెం తగ్గుతుంది సార్, కానీ..."

"అయితే వద్దు. ఎవరైనా సంపాదించినదాన్ని పారబోసుకుంటారా?"

నేను రెండోసారి బతిమాలలేదు. ఆ రోజు క్యారేజీలో కొబ్బరన్నం ఉంది.

ఆగస్టులో విశాఖ నుంచి చీఫ్‌గారు ఇన్‌స్పెక్షన్‌కి వస్తున్నారని కబురు వచ్చింది. ప్రాజెక్టుల వైర్‌లెస్ పనులన్నీ చూసే పెద్దాయన. పూర్వం సైన్యంలో సిగ్నల్స్‌లో పనిచేసి వచ్చిన మనిషి. తెల్లటి మీసాలు, ఎవరి మాటా పూర్తిగా వినకుండానే జవాబు చెప్పే అలవాటు. ఆ కబురు విని నాకు చెమటలు పట్టాయి. ఈఈగారు మాత్రం పెళ్ళికొడుకులా తిరుగుతున్నాడు. తన స్టేషన్‌లో ముల్లు ఎంతవరకు వెళ్తుందో చూపించాలి. అందుకని ఆ రోజు క్యారేజీలో గారెలు, పులిహోర, బొబ్బట్లు, ఇంకా ఏవేవో, ఇంతవరకు మంచి ఫలితం ఇచ్చినవన్నీ కలిపి పెట్టించాడు.

చీఫ్‌గారు వచ్చేసరికి వాన. ఘాట్ రోడ్డు మీద బండరాళ్ళు పడి జీపు రెండు గంటలు ఆగిపోయిందట. పొద్దుటినుంచి ఏమీ తినలేదు. తడి కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు. ముక్కు ఎగబీల్చాడు.

"ఈ వాసన ఏమిటి?"

ఈఈగారు అరవైపు చూపించి, "అది లోడ్ సార్" అన్నాడు.

చీఫ్‌గారు రెండడుగులు వేసి క్యారేజీని చేతిలోకి తీసుకున్నాడు. బూస్టరు కుయ్యోమంది. ముల్లు చివరికి గెంతింది. ఈఈగారు వెలిగిపోతూ, "చూశారా సార్, ఫుల్లు..." అనబోయాడు.

"ఆసిలేషన్" అన్నాడు చీఫ్‌గారు. ఆ ఈలకి పుస్తకంలో ఉన్న పేరు అదే. క్యారేజీ మళ్ళీ పెట్టాడు. ఈల ఆగింది. తీశాడు. వచ్చింది. పెట్టాడు. ఇంత కష్టపడి కొండెక్కి వచ్చినందుకు మొదటిసారి ఆయన ముఖంలో సంతోషం కనిపించింది. నా వైపు తిరిగాడు. "ఇది ఆంప్లిఫయరు కాదు, ట్రాన్స్‌మిటరు. చుట్టుపక్కల ఎన్ని రేడియోలు చంపుతున్నావో తెలుసా? ఎవరు కట్టారిది? నువ్వేనా? లోడింగ్ రెసిస్టరు ఏదీ?"

"జేబులో ఉంది సార్" అన్నాను. నిజంగానే ఉంది.

"మరి జేబులో ఎందుకుంది?"

నేను ఈఈగారిని చూశాను. ఈఈగారు అక్కని చూశాడు. అక్క కప్పు చూసింది. ఆ సమయంలో, ఎవరూ పిలవకుండా, స్పీకర్లోంచి సిన్నాన్న గొంతు గదిలోకి దిగింది.

"తల్లీ! ఈయాల పెద్ద పెద్ద బాబులు ఒస్తన్నారని సెప్పినావు, మరి ఏటి పెట్టించినావు? గారెలేనా, బొబ్బట్లు కూడా రాబట్టినావా? ఆ ఇంకొంచెం బాబు ఇంకా నమ్ముతన్నాడేటి, ఖాళీ గిన్నె పనిసెయ్యదని?"

మాట అంత స్పష్టంగా ఎప్పుడూ రాలేదు.

చీఫ్‌గారి మీసాలు ముందు వణికాయి. తర్వాత ఆయన కుర్చీలో కూలబడి, కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. ఆయన అంతగా నవ్వుతుంటే ఈఈగారు ఊరుకోవడానికి లేదు. ముందు మర్యాదకి నవ్వాడు. తర్వాత, ఏం తోచిందో, నిజంగానే నవ్వాడు. అక్క మాత్రం అప్పుడు ఏడుపు ముఖం పెట్టింది, ఉద్యోగం పోయిందనుకుని.

చీఫ్‌గారు క్యారేజీ విప్పి గారె నోట్లో పెట్టుకుని, నా చేత అక్కడికక్కడే రెసిస్టరు వేయించాడు. ఈల ఆగిపోయింది. ముల్లు సగానికి కొంచెం పైన నిలబడింది. క్యారేజీ ఎక్కడ పెట్టినా, నిండుగా ఉన్నా ఖాళీగా ఉన్నా, దానికి పట్టలేదు. మాట ముందెంత స్పష్టంగా ఉందో ఇప్పుడూ అంతే ఉంది.

"ముల్లు తగ్గింది సార్" అన్నాడు ఈఈగారు దిగులుగా.

"నీకు కావలసింది ముల్లా, మాటా?" అన్నాడు చీఫ్‌గారు, రెండో గారె తీసుకుంటూ.

ఆయన వెళ్ళాక మాకు ఏదో జరుగుతుందనే అనుకున్నాం. ఈఈగారు రెండు రోజులు మా గుట్ట ఎక్కలేదు. మూడోరోజు మధ్యాహ్నం ఆయన భార్యే స్వయంగా గొడుగు వేసుకుని, క్యారేజీ పట్టుకుని వచ్చింది. మేం లేచి నిలబడ్డాం.

"ఖాళీ గిన్నె పనిచేస్తుందని నాకు మొదటివారమే తెలుసమ్మా" అందావిడ అక్కతో. "రోజూ కడిగి పంపించేవారు కదా. అందులో ఒక్క మెతుకు మిగిలేది కాదు. సెట్లు తింటాయా అన్నం? మా ఆయన ఇరవయ్యేళ్ళుగా నా వంట తింటూ, ఉప్పు చాలలేదనీ, పులుపు చాలలేదనీ తప్ప ఒక్కమాట అనలేదు. మీ మూలాన రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, ఈ రోజు నీ పులిహోర అద్భుతమట అని చెప్పేవారు. నేనెందుకు ఆపుతాను?"

అక్క అప్పుడు నిజంగానే ఏడ్చింది. ఆ తర్వాత కూడా వారానికి రెండు రోజులు క్యారేజీ వచ్చేది, ఏ కారణమూ చెప్పకుండా.

ఆ సెప్టెంబరులో ఏరు నిజంగానే వచ్చింది. సంత రోజు. కొండ ఊళ్ళ జనం అల్లం, పసుపు, కొండచీపుర్లు మోసుకుని రేవు దాటుతున్నారు. మా దగ్గర ఆకాశం నీలంగా ఉంది. పైన మాత్రం మబ్బు విరిగి పడిందట. సిన్నాన్న ఈసారి కబుర్లు చెప్పలేదు. "తల్లీ, బేగి. ఇరవై దాటింది. నా కళ్ళముందే పెరుగుతంది. రేవులో జనాన్ని తీసీమను" అన్నాడు. ప్రతి అక్షరం వినిపించింది. ఈఈగారు చెప్పులు కూడా వేసుకోకుండా రేవుకి పరిగెత్తాడు. జూన్ నాటి సైరన్‌ని తలుచుకుని కదలనివాళ్ళని చెయ్యి పట్టుకుని లాగి మరీ గట్టెక్కించాడు. ఆఖరి మనిషి ఒడ్డెక్కాక ఏరు ఎర్రగా, చెట్లతో సహా వచ్చింది. అల్లం బుట్టలు పోయాయి. మనుషులెవరూ పోలేదు.

వానలు వెనకబట్టాక సిన్నాన్న మొదటిసారి కిందికి దిగివచ్చాడు. ఆ గొంతు విని మేం ఆరడుగుల మనిషిని ఊహించుకున్నాం. వచ్చినాయన నా భుజం వరకు కూడా లేడు. బక్కగా, నడుముకి కత్తి, చంకలో గుమ్మడికాయ, విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్ట. ఈఈగారిని చూసి చేతులు జోడించాడు. ఈఈగారు కూడా జోడించాడు. ఇద్దరూ కాఫీ హోటల్లో పక్కపక్కనే కూర్చుని రెండేసి గ్లాసులు తాగారు.

ఆ మాట దూరే పెట్టె తనకి చూపించమని అడిగాడు. గుట్ట ఎక్కించాం. బూస్టరుని వంగి వంగి చూశాడు, దాని కాయిల్స్‌ని వేలితో తాకబోయి మానుకున్నాడు. పైన సెట్టు దగ్గర ఎవరున్నారని అక్క అడిగితే, పెళ్ళానికి బటన్ నొక్కడం నేర్పించి వచ్చానన్నాడు. "అయితే పిలుద్దాం" అని అక్క పిలిచింది. "సిన్నమ్మా, సిన్నాన్న ఇక్కడికి సేరీసినాడు" అని చెప్పింది.

అంతే. స్పీకర్లోంచి ఆవిడ గొంతు సుడిగాలిలా వచ్చింది. కోళ్ళగూడు మూయకుండా పోయాడట, మూడు పుంజులు పక్కవాళ్ళ సామచేలో పడ్డాయట, వెళ్ళేముందు కట్టెలు కొట్టి పెట్టమంటే వినలేదట, పైగా కొత్త పంచె కట్టుకుని పోయాడట, ఎవత్తెని సూడ్డానికని అడుగుతోంది. ఒక్క అక్షరం కూడా పొల్లుపోలేదు. మధ్యలో పుంజు కూత కూడా వినిపించింది.

సిన్నాన్న నా మోచెయ్యి పట్టుకుని మెల్లగా అన్నాడు.

"బాబూ, ఆ గెయినో ఏటో, దాన్ని కూసింత తగ్గించరాదా?"

తగ్గించడానికి దానికి తిప్పే బిరడా లేదని చెప్పాను. ఆయన గుమ్మంలోకి వెళ్ళి కూర్చుని చుట్ట ముట్టించుకున్నాడు. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది. అక్క మధ్యమధ్యలో, "అవునా సిన్నమ్మా? మరేటయిందీ?" అంటూ ఉంది.